ఆఖరి వార్డు తలుపు

ఆ మూడో అంతస్తు మంచిది కాదని వీధి వీధంతా చెప్పుకుంటుంది. కింద రెండు అంతస్తుల్లోనూ ఆఫీసులున్నాయి. పగలంతా మనుషులు వస్తారు, పోతారు, లిఫ్టులో కాళ్లు తొక్కుకుని తిట్టుకుంటారు. మూడో నంబరు బటన్ మాత్రం ఎవరూ నొక్కరు. పొరపాటున లిఫ్టు అక్కడ ఆగి తలుపులు తెరుచుకుంటే, అంతవరకూ వాగుతున్నవాళ్లు కూడా గప్‌చుప్ అయిపోతారు.

ఆ నడవ చివర ఒక చిన్న గది ఉంది. కిటికీ లేదు. నాలుగు గోడలకీ మందపాటి స్పాంజి పలకలు. చప్పుళ్లు రికార్డు చేసుకునే గది అది. పొద్దుపోయాక ఆ గది తలుపుని లోపల్నుంచి ఎవరో కొడతారట. టక్... టక్... కాసేపాగి — టక్.

గట్టిగా కాదు. ఒంట్లో ఓపిక లేనివాడు కొట్టినట్టు.

ఎవరు కొడుతున్నారో కూడా తెలుసంటారు జనం. తెలిసింది సగం. మిగతా సగం ఎవడికి వాడు అల్లుకున్నదే.

ఆ అంతస్తులో వీడియో గేములు తయారుచేసే కంపెనీ ఒకటుండేది. 'చీకటి వార్డు' అని ఒక దెయ్యం ఆట చేశారు. పాడుబడ్డ ఆసుపత్రి, అందులో దారితప్పిన మనిషి, వెంటపడే దెయ్యం. జనం విరగబడి ఆడారు. ఇంకేం, యజమానులకి ఆశ పుట్టింది. ఏడాది తిరక్కుండా రెండో భాగం కావాలన్నారు. ఇళ్లకి పోకుండా చేయండన్నారు. అక్కడే తిని, అక్కడే కుర్చీల్లో పడుకుని చేశారు ఆ పిల్లలు.

అందులో ఒకడు తలుపుల పని చూసేవాడు. ఆటలో ఉన్న ప్రతి తలుపూ, దాని కిర్రుమనే చప్పుడూ, కొట్టే చప్పుడూ వాడి చేతిదే. వరసగా మూడో రాత్రి ఇంటికి పోకుండా పనిచేస్తూ రికార్డింగ్ గదిలోకి వెళ్లాడు. లోపల తూలి, తలుపుకి ఆనుకుని కూలబడ్డాడు. లేవలేక తలుపు కొట్టాడు.

బయట పదకొండు మంది ఉన్నారు. అందరికీ ఆ చప్పుడు వినిపించింది. ఒక్కడూ లేవలేదు. తలుపు కొట్టే చప్పుడు రికార్డు చేస్తున్నాడనుకున్నారు! "బాగా వస్తోందిరా" అని ఒకడు మెచ్చుకున్నాడట కూడా.

గంట తర్వాత ఎవరో వెళ్లి తోస్తే తలుపు రాలేదు. లోపలికి తెరుచుకునే తలుపు అది. దాని వెనక మనిషి పడున్నాడు. ఎంత తోస్తే అంత అతన్నే నొక్కుతున్నట్టు. చివరికి ఎలాగో సందు చేసుకుని లోపలికి దూరేసరికి... అయిపోయింది.

తర్వాత ఆట విడుదలైంది. ఆట ముగిసే చోటున్న ఆఖరి వార్డు తలుపు ఎవరికీ తెరుచుకోలేదు. జనం దుమ్మెత్తిపోశారు. అప్పుడు కంపెనీవాళ్లు సిగ్గు లేకుండా ఒక ప్రకటన రాశారు: 'ఆ భాగం చూసుకున్న ఉద్యోగి మధ్యలో మరణించడంతో పని అసంపూర్తిగా మిగిలింది.' అంటే, తప్పు చచ్చినవాడిది! ఆ ఒక్క మాట రాసి, ఆరు నెలల్లో దుకాణం కట్టేసి పోయారు.

ఖాళీ అంతస్తులో పాత తలుపులు పీకించాలని బిల్డింగు యజమాని నలుగురు వడ్రంగుల్ని అడిగాడు. నలుగురూ తప్పించుకున్నారు. ఐదోవాడు అడక్కుండానే వచ్చాడు.

"నేను పీకుతాను," అన్నాడు.

గదిలో పోయిన ఆ కుర్రాడి నాన్న అతను. ఆ సంగతి యజమానికి తెలియదు. వడ్రంగీ చెప్పలేదు.

కింద ఆఫీసులు మూసేదాకా సుత్తి చప్పుడు చేయడానికి వీల్లేదన్నారు. అందుకని రాత్రి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని పైకీ కిందకీ చూశాడు.

"మేస్త్రీ, నడవలో కరెంటు లేదు. టార్చి ఉందా?"

"ఉంది."

"గుండె ఉందా?"

"ఉన్నదాన్ని ఇక్కడే పోగొట్టుకున్నాను. గేటు తియ్యి."

వాచ్‌మన్‌కి అర్థం కాలేదు గానీ నోరు మూసుకున్నాడు. పైన ఇంకా ఎవరున్నారో కూడా చెప్పలేదు. చెబితే తన ఉద్యోగానికే మోసం.

లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. చీకటి.

వడ్రంగి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నడవలోకి అడుగుపెట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో —

టక్... టక్...

ఆగిపోయాడు.

టక్.

దెయ్యాలూ భూతాలూ అంటే మొహం మీదే నవ్వే మనిషి అతను. అయినా ఒళ్లంతా చెమట పట్టింది. పెదాలు వాటంతటవే కదిలాయి. "చిన్నా...?"

జవాబుగా నవ్వు వినిపించింది. ఒకడు కాదు, ఇద్దరు ముగ్గురు. నడవ చివర నుంచి కాదు, పక్కనున్న పెద్ద హాల్లోంచి. తలుపు సందులో నీలం వెలుగు.

తొంగి చూశాడు. ముగ్గురు నేలమీద కూర్చుని ఉన్నారు. మధ్యలో లాప్‌టాప్. టక్ టక్‌మంటున్నది దాని స్పీకర్లే. ఆట ఆడుతున్నారు! అది తయారైన చోటే ఆడి, మంచిదో చెడ్డదో తేల్చుకుంటామని వాచ్‌మన్‌ని బతిమాలి పైకొచ్చారు.

వాళ్లలో పెద్ద గొంతున్నవాణ్ణి మిగతావాళ్లు కెప్టెన్ అంటున్నారు. ప్రతిదానికీ అడ్డు వాదించే అమ్మాయి లాయరమ్మ. మూడోవాడు కళ్లజోడు, వాడు మాట్లాడడు, ఆడతాడు.

"ఇది దెయ్యమా, కొరియర్ వాడా?" అంటున్నాడు కెప్టెన్. "మొదటి భాగంలో వెంటపడితే ప్యాంటు తడిసేది. ఇందులో తలుపు కొడుతుంది, అంతే. పార్సిల్ తీసుకోండి సార్ అన్నట్టు!"

"వెంటపడి అరిస్తేనే భయమా అన్నా? నాకు ఆ మెల్లగా కొట్టే చప్పుడుకే వారం రోజులు నిద్ర లేదు."

"నీకు పరీక్షలకీ నిద్ర ఉండదు. అది లెక్కలోకి రాదు."

"అంత చెత్త ఆటని నువ్వు ఎనభై గంటలు ఎందుకు ఆడావు మరి?"

"తిట్టాలంటే ఆడాలి కదా చెల్లీ!"

కళ్లజోడు కిసుక్కుమన్నాడు. లాయరమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది.

"సరే, ఆఖరి వార్డు తలుపు సంగతి చెప్పు," అన్నాడు కెప్టెన్. గొంతులో ఎగతాళి పోయి కోపం వచ్చింది. "పదకొండు నెలలు. లక్షల మంది తోశారు. తెరుచుకుందా? రెండు వేళ్లు కదులుతుంది, మళ్లీ మూసుకుంటుంది. ఆట చివర్న తలుపు తెరుచుకోకపోతే అదేం ఆట?"

కెప్టెన్ ఆగలేదు.

"చచ్చినవాడి మీదకి నెట్టేశారు. పాపం, చచ్చాడు. బతికున్నన్నాళ్లూ వాడు వెలగబెట్టిందేంటట? ఒక్క తలుపు సరిగ్గా చేయడం చేతకాని వెధవ—"

"అన్నా, మెల్లగా... ఇక్కడేగా పోయాడు..."

"వింటాడా? విననీ!"

దబ్బుమని చప్పుడైంది.

ముగ్గురూ ఒక్కసారే కేకపెట్టారు. గుమ్మంలో మనిషి. చేతిలో టార్చి. కాళ్ల దగ్గర కిందపడ్డ సంచీ, అందులోంచి బయటికి దొర్లిన సుత్తి.

"విన్నాను," అన్నాడు వడ్రంగి. "ఎవడ్రా వెధవ?"

"ఎ... ఎవరు మీరు?"

"వాడి నాన్నని."

కెప్టెన్ తడబడుతూ లేచాడు. లాప్‌టాప్ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. టక్... టక్...

"ముప్ఫయ్యేడేళ్ల నుంచి తలుపులు చేస్తున్నానురా నేను. తలుపు బాలేదంటే మాట పడతాను. విప్పి మళ్లీ చేసిస్తాను. మా వాడు నా పక్కన ఉలి పట్టుకుని పెరిగినవాడు. పని సగంలో వదిలేసి లేస్తే అన్నం సహించేది కాదు వాడికి. వాణ్ణి మూడు రాత్రులు ఇంటికి పంపకుండా చంపినవాళ్లు, వాడు పని సగంలో వదిలాడని కాగితం మీద రాశారు. మీరు దాన్ని పట్టుకుని ఊరంతా చాటారు. చూశారా, ఒక్కడైనా? ఆ తలుపుని సరిగ్గా చూశారా అసలు?"

"పెద్దాయనా, మాకు తెలియక..."

"తెలియకే కదా తిట్టింది! జరగండి. ఏదీ ఆ తలుపు?"

కళ్లజోడు ఆటని అక్కడిదాకా నడిపాడు. ఆసుపత్రి నడవ. చివర్న తలుపు. వడ్రంగి మోకాళ్లమీద కూర్చుని తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు.

"వెలుగు అంచు మీదకి పట్టు. అటు కాదు... ఆఁ, అక్కడ."

చాలాసేపు చూశాడు.

"ఇవేంటి?" అన్నాడు వేలు పెట్టి.

"హింజెస్... తలుపు బందులు, అంకుల్," అంది లాయరమ్మ.

"ఎటువైపు కనిపిస్తున్నాయి?"

"మనవైపే."

"బందు గొట్టాలు ఎటు కనిపిస్తే తలుపు అటే వస్తుంది. ఇన్ని లక్షల మందిలో ఒక్కడింట్లోనూ తలుపు లేదా? తోస్తారేంట్రా? లాగండి!"

"కానీ అంకుల్," కళ్లజోడు మొదటిసారి నోరు విప్పాడు, "ఈ ఆటలో అన్ని తలుపులూ తోసేవే. కంపెనీలో పరీక్షించినవాళ్లు కూడా తోసే ఉంటారు..."

"ఇది రోగి ఒంటరిగా ఉండే గది తలుపు. అది బయటికే తెరుచుకోవాలి. లోపల మనిషి తూలి తలుపుకి అడ్డంగా పడిపోతే, తోస్తే ఎలా వస్తుంది? లాగితేనే..."

అప్పుడు గుర్తొచ్చింది.

ఒక రాత్రి కొడుకు ఫోన్ చేసి ఇదే అడిగాడు. నాన్నా, ఒంట్లో బాగోనివాడి గదికి తలుపు ఎటు పెడతారు? బయటికిరా, అని ఎందుకో కూడా చెప్పాడు తను. అది విని కొడుకు అన్నాడు: మా ఆఫీసులో ఒక గదికి లోపలికుంది నాన్నా, మార్చమన్నాను. ఆట విడుదలయ్యాక చూద్దామన్నారు.

"లాగరా," అన్నాడు వడ్రంగి.

కళ్లజోడు, ఆటలోని మనిషి చేత పిడి పట్టించి, ఒక్కడుగు వెనక్కి నడిపించాడు.

తలుపు తెరుచుకుంది.

లోపల్నుంచి ఏదో ముందుకి ఒరిగి తెర మీద పడింది. లాయరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొదటి భాగంలో తరిమి, రెండో భాగంలో తలుపు కొట్టిన దెయ్యం అది. బక్కపల్చటి మనిషి. రోగి బట్టలు. తలుపుకి ఆనుకుని కూర్చున్నవాడు, ఆసరా పోయి, ఆడేవాడి కాళ్ల మీద వాలాడు. చెయ్యి ఇంకా గాలిలోనే కొడుతోంది... టక్... ఆగిపోయింది.

అంతదాకా చీకట్లో ఉన్న ఆసుపత్రిలో ఒక్కో దీపమే వెలిగింది.

"భయపెట్టడానికి కాదు..." అంది లాయరమ్మ గుసగుసగా. "తియ్యమని కొట్టాడు."

పనిచేసినవాళ్ల పేర్లు పైకి జరుగుతున్నాయి. ఇంతవరకూ ఎవరూ చూడని పేర్లు. ఆఖర్న ఒక్క వరస ఆగింది: 'తలుపుల పని నేర్పింది — మా నాన్న.'

వడ్రంగి ఆ వరస చదివాడు. ఏడవలేదు. లేచి సుత్తి సంచీలో వేసుకున్నాడు.

"తిట్టండి," అన్నాడు. "ఆట నచ్చకపోతే కడుపునిండా తిట్టండి, కాదనను. ముందు లాగి చూసి తిట్టండి. వాడు పని పూర్తిచేశాడని మాత్రం రేపు పొద్దున్నకల్లా అందరికీ చెప్పాలి."

"ఇప్పుడే చెబుతాను, పెద్దాయనా," అన్నాడు కెప్టెన్. తల ఎత్తలేదు. "సంచీ ఇలా ఇవ్వండి, నేను మోస్తాను."

నలుగురూ నడవ చివరికి వెళ్లారు. రికార్డింగ్ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గొళ్లెం లేదు, తాళం లేదు. అవి పీకేసిన చోట చిల్లులే మిగిలాయి.

వడ్రంగి అరచేతితో తోశాడు. రాలేదు.

"చెమ్మకి బిగుసుకుని ఉంటుంది," అన్నాడు కెప్టెన్. భుజం ఆనించి తోశాడు. రెండు వేళ్ల మేర వెళ్లింది... మళ్లీ వెనక్కి వచ్చింది. అతను గబుక్కున భుజం తీసేసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"అది... చెక్క బిగుసుకున్నట్టు లేదు," అన్నాడు. "మెత్తగా ఉంది."

బందులు విప్పుదామంటే అవి లోపలివైపున్నాయి.

వడ్రంగి టార్చి కింద పెట్టాడు. నుదురు తలుపుకి ఆనించాడు. ఇందాకటి నుంచీ మండిపోతున్న గొంతు ఎక్కడికి పోయిందో, పసిపిల్లాణ్ణి నిద్ర లేపుతున్నట్టు అన్నాడు:

"చిన్నా... నేనురా. కాస్త పక్కకి జరుగు నాన్నా."

లోపల, నేలమీద బట్ట రాసుకున్న చప్పుడు.

వేలితో తోశాడు. తలుపు గోడదాకా వెళ్లిపోయింది.

లాయరమ్మ టార్చి ఎత్తి పట్టింది. గది ఖాళీ. ఏడాదిగా ఎవరూ అడుగుపెట్టని నేల, దానిమీద మందంగా దుమ్ము... గుమ్మం దగ్గర్నుంచి పక్క గోడదాకా మాత్రం, ఒక మనిషి కూర్చున్నచోటే జరుగుతూ దారిచ్చినంత మేర, శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయి ఉంది.