రెండు గదుల్లో రెండు జవాబులు

ఇంట్లో ఎనిమిదో సంతానం కాబట్టి ఆ వడ్రంగిని అందరూ ఎనిమిదోవాడనే పిలుస్తారు. ఆ పేరు గురించి అతను ఎప్పుడూ ఆలోచించలేదు, ఒక నర్సును కలిసేదాకా.

వదినకు ఐదో కాన్పయింది. అన్న ఊళ్ళో లేకపోవడంతో ఎనిమిదోవాడే క్యారియర్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. నర్సు మంచం పక్కన నిలబడి, బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఉండాలని వదినకు చెబుతోంది. మాత్రలు, సూది, లూప్ అని వేళ్ళు మడుస్తోంది. అతను క్యారియర్ కింద పెట్టాడు.

"దేవుడిచ్చేవాటికి మనం అడ్డం పడటమేంటి, సిస్టర్?"

నర్సు తలెత్తింది. "మీరు కన్నారా?"

"లేదు. మేం తొమ్మిదిమందిమి. నేను ఎనిమిదోవాణ్ణి. మా అమ్మ ఇలా వేళ్ళు మడిచి ఉంటే నేను ఉండేవాణ్ణి కాదు."

"అయితే మీ అమ్మగారిని అడిగి రండి. తర్వాత మాట్లాడదాం."

వార్డులో బాలింతలు నవ్వారు. వదిన దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

ఇంకొకడైతే మాట దులిపేసుకుని పోయేవాడు. ఎనిమిదోవాడు నిజంగానే ఇంటికెళ్ళి అడిగాడు. అమ్మ బట్టలు మడతపెడుతూ, తొమ్మిదిమందిలో ఒక్కరిని కూడా వద్దనుకోలేదని చెప్పింది. ఇంకో బట్ట అందుకుంటూ, ఏడోవాడు పుట్టాక ఒక్క ఏడాది కంటినిండా నిద్ర ఇమ్మని ప్రార్థన చేశానని, ఆ ఏడాదే నువ్వు కడుపున పడ్డావని కూడా చెప్పింది. మరునాడు అతను రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టు నర్సుకు అప్పజెప్పాడు. రెండోది దాచుకోవచ్చు. దాచలేదు. అప్పుడు నర్సు అతని ముఖం వైపు సరిగ్గా చూసింది.

వదిన ఇంటికొచ్చేశాక కూడా అతనికి ఆసుపత్రిలో పని తగులుతూనే ఉంది. బిగుసుకున్న కిటికీ రెక్కలు, కుంటే బల్లలు, మూతపడని బీరువా. వాటిలో కొన్ని నిజంగానే పాడయ్యాయి. ఒకరోజు వానకు ఇద్దరూ మెట్ల దగ్గర చిక్కుకున్నారు. సిస్టర్ అనడం మానేశారేమని ఆమె అడిగింది. అలా పిలిస్తే తర్వాత ఇబ్బందవుతుందన్నాడు. తర్వాతంటే ఎప్పుడని ఆమె అడగలేదు. వాన వైపు చూసి నవ్వుకుంది.

ఇరువైపుల పెద్దలూ పెళ్ళికి సరేనన్నారు. మొదటిరోజు తగువు మాత్రం ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే అవతలి మనిషి చేజారిపోతారేమోనని ఎవరి భయం వాళ్ళది.

ఎనిమిదోవాడి చర్చిలో ఒక పద్ధతుంది. పెళ్ళి ప్రకటన చదవడానికి ముందు పాస్టర్ గారు పెళ్ళికొడుకునీ, పాస్టరమ్మ పెళ్ళికూతురినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. తర్వాత నలుగురూ ఒకే బల్ల దగ్గరికి వస్తారు.

పిల్లల సంగతి వచ్చేసరికి ఎనిమిదోవాడు తడుముకోకుండా, ఆమె అసలు వద్దన్నా తనకు సమ్మతమేనన్నాడు. పక్క గదిలో నర్సు, దేవుడు ఎంతమందినిస్తే అంతమందినీ కంటానని, ఏ మాత్రా ముట్టనని చెప్పింది.

బల్ల దగ్గర రెండు జవాబులూ బయటపడ్డాయి. పాస్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాస్టర్ గారు నవ్వలేదు.

"ఆమె మాట నువ్వు చెప్పావు. నీ మాట ఆమె చెప్పింది. ఎవరి మాట వాళ్ళు చెప్పేదాకా ఆదివారం ప్రకటన చదవను."

ఎనిమిదోవాడు నర్సు వైపు చూశాడు. నిజం చెబితే ఆమె లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పాడు.

"నాకు పిల్లలు కావాలి. ఇంటినిండా కావాలి. అడ్డం పెట్టుకోవడమంటే, దేవుడా నీ లెక్క మాకు నచ్చలేదు అన్నట్టుంటుంది నాకు. నేను పుట్టింది అలాగే మరి."

నర్సు బల్ల అంచు పట్టుకుంది. "మా అమ్మ నాలుగో కాన్పులో పోయింది. ఇంకొకటి వద్దని డాక్టర్ ముందే చెప్పింది. దేవుడు చూసుకుంటాడులే అన్నారు ఇంట్లో. ఆ బిడ్డను నేనే పెంచాను. నాకు పిల్లలంటే భయం కాదు. కన్నవాళ్ళని వదిలేసి పోతానేమోనని భయం."

ఆమెకు అమ్మ లేదని అతనికి తెలుసు. ఎలా పోయిందో ఇన్నాళ్ళూ అడగలేదు.

ఈ సంగతిలో విశ్వాసులు రెండు విధాలుగా ఉన్నారని పాస్టర్ గారు చెప్పారు. ఆపడమే అపనమ్మకం అనేవాళ్ళున్నారు. ఆ దేవుడిచ్చిన తెలివితోనే ఎడం పాటిస్తున్నాం అనేవాళ్ళున్నారు. ఆ రెండు రకాలవాళ్ళూ మోకాళ్ళ మీదే ప్రార్థిస్తున్నారు. కట్టుకోబోయే మనిషి దగ్గర దాచిపెట్టడం మాత్రం ఏ నమ్మకమూ కాదన్నారు.

ఆ తర్వాత ప్రశ్నలు ఎనిమిదోవాడే అడిగాడు. బిడ్డ కడుపున పడకుండా ఆపేదీ, పడ్డాక తీసేసేదీ ఒకటేనా అన్నాడు. కాదని, రెండోది తనూ ఒప్పుకోనని నర్సు చెప్పింది. ఏది ఎలా పనిచేస్తుందో వార్డులో చెప్పినట్టే చెప్పింది. అతని చెవులు ఎర్రబడ్డాయి గానీ వినడం మానలేదు. చివరికి కుదిరింది ఇది. పిల్లలు కావాలి. కాన్పు తర్వాత ఆమె ఒళ్ళు కోలుకునేదాకా ఎడం. డాక్టర్ ఇక చాలంటే చాలు.

"ఆగుదామనుకున్నప్పుడే ఒకరు వచ్చేస్తే?" అన్నాడు.

"వచ్చినవాళ్ళని వెనక్కి పంపుతానా? ఎత్తుకుంటాను. కానీ రాత్రిళ్ళు నువ్వే లేవాలి. ఎనిమిదిమంది ఏడుపుల మధ్య నిద్రపోయినవాడివి, నీకసలు మెలకువ వస్తుందా?"

"తట్టి లేపు."

పాస్టర్ గారు అతన్ని ప్రార్థన చేయమన్నారు. ఎనిమిదోవాడు ప్రార్థన మొదలుపెడితే చర్చిలో జనం కాళ్ళు సర్దుకుని కూర్చుంటారు, అంత పొడుగు. పాస్టరమ్మ కూడా సర్దుకుంది.

"ప్రభువా, ముందు ఈమెను నాకు ఉంచు. పిల్లల్ని నువ్వివ్వు. ఇక చాలని ఈమె అన్నరోజు వినే చెవులు నాకివ్వు. ఇంకా..."

నర్సు ఆమేన్ అనేసింది.

"అతనింకా ముగించలేదమ్మా," అంది పాస్టరమ్మ.

"నాకు కావాల్సింది అడిగేశాడు, పాస్టరమ్మగారూ."