లీలండ్ నింపిన కాగితం

పొద్దున్నే పాలు పితికి లీలండ్ వంటింట్లోకి వచ్చేసరికి, వాళ్ళమ్మ వెర్నా బల్ల మీద ఒక ఉత్తరం పరుచుకుని కూర్చుంది. గుడ్లు పెనం మీదే చల్లారిపోతున్నాయి. ఆ ఇంట్లో తిండి చల్లారనిచ్చారంటే ఏదో కొంప మునిగిందన్నమాటే.

"ఇదేమిట్రా?"

"ఏముంది, కుదరదన్నారు."

"కుదరదనలేదు. నీకు అక్కర్లేదన్నారు! సొంత ఖర్చుతో వెళ్ళగలరా అని అడిగితే 'వెళ్ళగలను' అని రాశావట!"

లీలండ్ చేతులు కడుక్కున్నాడు.

పద్నాలుగు నెలల కిందట అతని భార్య ఫిలిపా, ఈస్టర్ సెలవులకని ఐదేళ్ళ కూతురు టిల్డాను పోర్చుగల్‌లోని పుట్టింటికి తీసుకెళ్ళి మరి తిరిగి రాలేదు. కేసు కోసం లీలండ్ సగం ఆవుల్ని అమ్మేశాడు. చివరికి అక్కడి కోర్టు పిల్లను తండ్రికి అప్పగించమంది. అయితే ఈ నెల పందొమ్మిదిలోగా అతనే స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలంది. ఇలా దేశం దాటించిన పిల్లల్ని తెచ్చుకోవడానికి వెళ్ళే తల్లిదండ్రులకు ప్రయాణ ఖర్చులిచ్చే ప్రభుత్వ సాయం ఒకటుంది. ఈయనగారి నిర్వాకం ఆ సాయానికి పెట్టుకున్న దరఖాస్తు కాగితం మీదే. అమెరికాలో మా విస్కాన్సిన్ రైతులు ప్రాణమైనా ఇస్తారు గాని 'నా దగ్గర లేదు' అనరు.

"నాన్న ఏనాడైనా ఒకరి ముందు చెయ్యి చాపాడా అమ్మా?"

"కొట్టం కాలిపోయినప్పుడు ఊరంతా వచ్చి కడితే, వెనక్కి పొమ్మన్నాడా?"

"అది వేరు. వాళ్ళ కొట్టాలు కట్టడానికి మనమూ వెళ్ళాం."

"అయితే నువ్వూ పిల్లను తెచ్చుకున్నాక, నీలాంటి మొండివాడు ఇంకొకడు ఏడుస్తుంటే వెళ్ళి చెప్పు, సిగ్గుపడకు నాయనా అని. చెల్లుకు చెల్లు. ఇప్పుడు తేల్చు. నీ పరువు కావాలా, నా మనవరాలు కావాలా?"

వెర్నాయే ఉత్తరంలో ఉన్న నంబరు నొక్కి ఫోను కొడుకు చేతిలో పెట్టింది.

అవతల ఆ సాయం మంజూరు చేసే ఆఫీసు నుంచి కొరీన్ అనే ఆఫీసరమ్మ పలికింది. లీలండ్ తన పేరు, కేసు నంబరు చెప్పాడు.

"మేడమ్, ఆ కాగితంలో నేను అబద్ధం రాశాను. నా దగ్గర... లేదండీ."

డెబ్భై ఏళ్ళ వెర్నాకు కొడుకు అంత గొప్పగా ఎన్నడూ కనిపించలేదు.

"మీలాంటివాళ్ళను చాలామందిని చూశానండీ," అంది కొరీన్ నవ్వుతూ. "ఇప్పుడే సరిచేస్తున్నా. మంజూరవుతుంది, ఆ పూచీ నాది. ఇక టికెట్లు. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు రెండు. రెండో మనిషి పేరు చెప్పండి."

ఇన్నాళ్ళూ ఆ పేరు కేసు నంబరు పక్కనే విన్నాడు. ఇంటికి వచ్చే మనిషి పేరుగా ఎవరూ అడగలేదు.

"టిల్డా..." అన్నాడు. అంత మనిషీ గోడకు నుదురు ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. వెర్నా లేచి వీపు నిమిరింది.

"నిదానంగా చెప్పండి. నేనెక్కడికీ పోను," అంది కొరీన్.

లీలండ్ కళ్ళు తుడుచుకుని పూర్తి పేరు చెప్పాడు. ఫోను పెట్టేయబోతూ ఆగి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంకొక్క సాయం చెయ్యండమ్మా. మా అమ్మాయికి కిటికీ పక్క సీటు ఇప్పించండి."