మూడుపాయల జలపాతం

కొండరోడ్డు మళ్ళీ తెరిచారన్న కబురు వచ్చేసరికి కొత్తకోడలు ఒక చేత్తో తల తుడుచుకుంటూ, ఇంకో చేత్తో పాలగిన్నె కింద మంట తగ్గించబోతోంది. ఫోన్లో ఒకే ఒక్క వాక్యం. కొండచరియ విరిగిపడి పదకొండు నెలలుగా మూసేసిన దారిని సోమవారం నుంచి అన్ని బళ్ళకూ తెరుస్తున్నారట. అంతే, మంట సంగతి మరిచిపోయి ముందుగదిలోకి పరుగెత్తింది.

"అత్తయ్యా! తెరిచేశారు! మన కొండ తెరిచేశారు!"

కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలకు జేబులు కుడుతున్న అత్తగారు చటుక్కున కాలు ఆపింది. సూది కిందున్న జేబు వంకరపోయింది. ఆవిడ కుట్టిన జేబు వంకరపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"నిజంగానా?" అని, ఒక క్షణం ఆగి, "పాలు?" అంది.

"అయ్యో!"

సగం పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అయినా ఆ పూట ఎవరికీ కోపం రాలేదు. మిగిలిన పాలతో కలిపిన పల్చటి కాఫీ అత్తా, కోడలూ, కొడుకూ గొప్ప రుచిగా ఉన్నట్టే తాగారు.

కొత్తకోడలికి పెళ్ళయి మూడు నెలలు. ఒకే గ్లాసులో రెండు టూత్ బ్రష్షులు ఆనుకుని నిలబడటం చూసినా ముచ్చటే, గుద్దితే తప్ప తెరుచుకోని బీరువా తలుపన్నా ముచ్చటే. అందుకే అత్తగారు ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది. బడిలో పిల్లలకు భూగోళం చెప్పే ఈ పిచ్చుకకు ఆ ఇంట్లో అన్నిటికంటే నచ్చినవి మాత్రం అత్తగారు చెప్పే కొండ కబుర్లు.

మావగారిని ఆమె చూడలేదు. ఆయన పోయి ఏడాదిన్నర. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కొండ మీదికి బస్సు నడిపిన డ్రైవరు. దారిలో ఏడు మజిలీలు. ఒక్కోచోట బస్సు పది నిమిషాలు ఆగేది, జనం దిగి చూసొచ్చేవారు. అత్తగారు మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఆవిడ అత్తగారు పదహారేళ్ళు మంచంలో ఉంది. ఆ గది, ఈ మిషను, అదే లోకం. సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చోగానే మాత్రం, "ఇవాళ ఏం చూశారు?" అని అడిగేది. ఆయన చెప్పేవారు. మూడుపాయల జడలా దూకే జలపాతం, జుట్టు విరబోసుకుని పడుకున్న ఆడమనిషిలాంటి కొండ, అడుగేస్తే ఊయలలా ఊగే వంతెన. రిటైరయ్యాక ఇద్దరం వెళ్దాం అన్నారు. రిటైరయ్యాక మాత్రం ఎండలని ఒకసారి, వానలని ఒకసారి, నడుంనొప్పని ఒకసారి రెండేళ్ళు దాటేశారు. ఆ మాట మీదే అలిగి అత్తగారు ఆయనతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున్న ఆయన లేవలేదు.

ఇవన్నీ విని పిచ్చుక రంగుపెన్సిళ్ళతో ఒక పెద్ద పటం గీసింది. మజిలీ పక్కన మజిలీ, మావగారి మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. ఏడో మజిలీ పక్కన మాత్రం ఏమీ రాయలేదు.

"దాని గురించి ఎప్పుడడిగినా, 'అది పెద్ద ఎక్కుడు' అనేవారంతే," అంది అత్తగారు.

కొడుకు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. సాయంత్రం వచ్చి ఆ పటాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంకో నెల ఆగుదామా? రోడ్డు ఇంకా పచ్చిగా ఉంటుంది."

"నీకెప్పుడూ ఏదో ఒక వంక. ముసలాళ్ళకి మల్లే!" అంది పిచ్చుక.

"అచ్చం వాళ్ళ నాన్నే," అంది అత్తగారు. ఇద్దరూ పకపకా నవ్వారు. కొడుకు నవ్వలేదు. వాళ్ళిద్దరూ అప్పటికే స్వెటర్లు వెతికే పనిలో పడ్డారు.

మంగళవారం తెల్లవారుతూనే అద్దె కారులో బయల్దేరారు. అత్తగారు మావగారి పాత గోధుమరంగు స్వెటర్ వేసుకుంది. భుజం దగ్గర చిరిగితే ఆవిడే నీలం ఊలుతో అల్లి పూడ్చింది. చేతులు పొడవై వేళ్ళ దాకా వచ్చాయి. మడవమంటే, "ఉండనీ," అంది. పటం ఒళ్ళో పెట్టుకుని మలుపు మలుపుకీ చిన్నపిల్లలా కిటికీలోంచి తల బయట పెట్టింది.

మొదటి మజిలీలో జలపాతం. రాళ్ళ మధ్య నుంచి సన్నగా ఒకే ఒక్క ధార.

అత్తగారు కంచె పట్టుకుని చూసింది. "మిగతా రెండు పాయలు ఏవే?"

"వానలు తక్కువేమో అత్తయ్యా," అంది పిచ్చుక. అంది గానీ, ఆ రాతి మీద ఇంకో ధార పారిన మరక ఎక్కడా లేదు. భూగోళం టీచరు కళ్ళకు అది కనబడనే కనబడింది.

రెండో మజిలీలో ఎటు తిరిగి చూసినా పడుకున్న ఆడమనిషి దొరకలేదు. "మెడ వంచి చూడండి, ఆ, అదిగో ముక్కు!" అంటూ పిచ్చుక ఎంత హడావుడి చేసినా అవి మామూలు కొండలే. మూడో మజిలీలో రోడ్డు పక్కన కాలిబాట దిగి చూస్తే వంతెన సిమెంటుది. దాని మీద కుర్రాళ్ళు గెంతుతున్నా ఊగలేదు. కట్టిన సంవత్సరం పక్కన చెక్కి ఉంది. మావగారు ఉద్యోగంలో చేరడానికి పదేళ్ళ ముందు. అత్తగారు ఆ అంకెలను వేలితో తడిమి, వచ్చి కారులో కూర్చుంది. పటం మడిచేసింది.

నాలుగో మజిలీ దగ్గర బస ఉంది. దాని ఎదురుగా లోయ అంచున ఒక ముసలాయన బల్ల వేసుకుని దుర్భిణి అద్దెకిస్తున్నాడు. అత్తగారిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఆ నీలం ఊలు... అది మా అన్న స్వెటరు కదూ? నువ్వు వదినవా? నేనమ్మా, కండక్టర్ని! పంతొమ్మిదేళ్ళు ఆయన బండిలో విజిల్ ఊదాను!"

అత్తగారి మొహం వెలిగింది. "నువ్వటయ్యా! ఆయన నోట రోజూ నీ మాటే. మీ అన్న ఎక్కడ నిలబడి చూసేవారో చూపించు. నేనూ అక్కడే నిలబడతాను."

ముసలాయన నవ్వాడు. "నిలబడ్డమా! సీటు దిగితే కదా. అంచు దగ్గరికొస్తే అన్నకి కళ్ళు తిరిగేవి వదినా. రోడ్డున్నంత వరకూ సింహమే. రోడ్డు అయిపోయి లోయ మొదలైన చోట చిన్నపిల్లాడు. బండి ఆగ్గానే స్టీరింగ్ మీద తల పెట్టి, మొహం మీద తువ్వాలు కప్పేసుకునేవాడు." అంతలో దుర్భిణి కోసం ఎవరో పిలిస్తే, "ఇప్పుడే వస్తా," అని వెళ్ళాడు.

 అత్తగారు కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్. నీకు తెలుసా?"

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"అది తర్వాత తుడుద్దువు గాని. తెలుసా, తెలీదా?"

"తెలుసమ్మా. పదేళ్ళప్పుడు సెలవుల్లో నాన్న బస్సెక్కాను కదా. ఏడు చోట్లా నాన్న సీటు దిగలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర నీకు వంతెన గురించి చెప్తుంటే నేను నోరు తెరవబోయాను. బల్ల కింద నా కాలు తొక్కారు."

"అంటే తండ్రీకొడుకులు కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు!" అంది ఆవిడ. "మీ నాయనమ్మ గదిలో మందుల వాసన పీల్చీ పీల్చీ, రోజుకి ఒక్క పది నిమిషాలు నేను ఈ కొండ మీద తిరిగేదాన్నిరా. నాకున్నదల్లా అదే. అది కూడా ఉత్తదేనా? నలభై ఏళ్ళ కాపురంలో నాకు మిగిలింది ఆయన మాటలొక్కటే అనుకున్నాను. అవీ లేవన్నమాట."

"నాన్న పోయాక ఇంకెందుకులే అని..."

"మరి ఎందుకు తీసుకొచ్చావు?"

 పిచ్చుక ముందుకొచ్చింది. "నేనే అత్తయ్యా. నేనే వెంటపడ్డాను."

ఆవిడ స్వెటర్ విప్పి కారు వెనకసీట్లో పడేసింది. ఆ చలిలో ఒట్టి చీరకొంగు కప్పుకుని, "ఇంటికి పోదాం పదండి," అంది. కొత్తగా తెరిచిన రోడ్డు కదా, మధ్యాహ్నం మూడు దాటాక కిందికి బళ్ళు వదలడం లేదన్నారు. చేసేది లేక బసలో గది తీసుకున్నారు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

వరండాలో పిచ్చుక మొగుడి మీద పడింది. "ముందే చెప్పి ఉండొచ్చుగా!"

"ఎప్పుడు చెప్పను? మూడు రోజులు నేల మీద బోర్లా పడుకుని రంగులేశావు. మా అమ్మ నీ పక్కన కూర్చుని పెన్సిళ్ళు చెక్కింది. నాన్న పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. నువ్వైతే చెప్పేదానివా?"

 ఆమె గదిలోకి తొంగిచూస్తే అత్తగారి భుజాలు దుప్పటి కింద కదులుతున్నాయి. తను తెచ్చిన సంతోషమే ఆవిణ్ణి ఇలా చేసిందని తోచి పిచ్చుకకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మడతలు పడ్డ పటాన్ని చేత్తో సాపు చేసింది. అప్పుడు కనబడింది. జలపాతం మాటలు చిన్నపిల్లల మాటల్లా ఉన్నాయి. కొండ గురించి చెప్పింది ఎవరో కుర్రాడు చెప్పినట్టుంది. ఆరో మజిలీ దగ్గర 'గాలికి మోకీళ్ళు పట్టేస్తాయి' అని ఉంది, ఎవరో ముసలావిడ అన్నట్టు. ఒకే మనిషి కల్పిస్తే ఇన్ని గొంతులెలా వస్తాయి?

పటం పట్టుకుని పొగమంచులోనే దుర్భిణి ముసలాయన దగ్గరికి పరుగెత్తింది. ఆయన చెప్పింది సగం విని, చెయ్యి పట్టుకుని, "నాకు కాదు బాబాయ్, ఆవిడకి చెప్పండి," అంటూ గదికి లాక్కొచ్చింది.

ముసలాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. "వదినా, నేను తొందరపడి సగమే చెప్పాను. అన్న దిగేవాడు కాదు, నిజం. కానీ జనం తిరిగి ఎక్కుతుంటే ఒక్కొక్కరినీ ఆపి అడిగేవాడు. ఏం చూశావు? ఎలా ఉంది? ఒక్కో మాట చెప్పందే బండి కదిలేది కాదు. 'సరిగ్గా చెప్పండి బాబూ, ఇంటికెళ్ళి చెప్పాలి,' అనేవాడు."

అత్తగారు ఇటు తిరగలేదు. కానీ ఏడుపు ఆగింది.

"ఒకరోజు ఎక్కగానే, 'నిన్న చెప్పిన జలపాతం రెండు పాయలా, మూడు పాయలా అని అడిగింది మా ఆవిడ' అంటూ బస్సంతా వాకబు చేశాడు. జడ వేసుకున్న పాప ఒకతి మూడు అంది. అది చూసింది జలపాతాన్నో, దాని జడనో, ఎవరికి తెలుసు! ఒకరికొకరు పొంతనలేని మాటలు చెప్పేవారు, కొందరు కోతలు కోసేవారు. అన్నకి తేడా ఎలా తెలుస్తుంది? అన్నీ మూటగట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. బస్సు ఖాళీగా ఉన్న రోజు నన్ను దింపేవాడు. పొగమంచు తప్ప ఏమీ లేదన్నా అంటే, 'అది ఏ రంగులో ఉందో చూసిరా' అనేవాడు."

అత్తగారు లేచి కూర్చుంది. కళ్ళు వాచిపోయాయి.

"నేనే అడిగాను," అంది మెల్లగా. "రెండా, మూడా అని నేనే అడిగాను. మర్నాడు సాయంత్రం వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా, 'మూడు' అన్నారు."

ముసలాయన వైపు చూసింది.

"భయమని ఒక్క మాట చెప్పి ఉంటే అడగడం మానేసేదాన్నిగా?"

"మానేస్తావనే చెప్పలేదు వదినా," అన్నాడు ముసలాయన. "'పగలంతా ఎదురుచూసి అడుగుతుందిరా, ఏం చూశారూ అని. వట్టి చేతుల్తో ఎలా వెళ్ళను?' అనేవాడు."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. ఇందాకటి ఏడుపు కాదు అది. "ఆ నాలుగు రోజులు... మాట్లాడలేదురా ఆయనతో. నన్నెందుకు తీసుకెళ్ళరు అని గోడకి తిరిగి పడుకున్నాను. ఆయన మంచం పక్కన నిలబడి ఏదో చెప్పబోయారు, నేను దుప్పటి కప్పేసుకున్నాను. ఇదే చెప్పబోయారేమో. వినలేదు. రోజూ అడిగినదాన్ని, ఆ ఒక్కరోజు అడగలేదు." కొడుకు వచ్చి నేల మీద కూర్చుని ఆవిడ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఆవిడ అతని కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. పిచ్చుక తలుపు పక్కన నిలబడి, పటం నలిగిపోతున్నా తెలియకుండా గుండెకు అదుముకుంది.

చాలాసేపటికి అత్తగారు పటం అడిగి తీసుకుంది. ఏడో మజిలీ పక్కన ఖాళీ మీద వేలు పెట్టింది. "దీని గురించెందుకు చెప్పలేదయ్యా ఆయన?"

"శిఖరం వదినా. పైకెక్కి దిగడానికి మూడు గంటలు. బస్సు ఆగేది పది నిమిషాలే. ఎక్కి చూసినవాడెవడూ మా బండిలో తిరిగి రాలేదు. అడగడానికి అన్నకి మనిషే దొరకలేదు."

ఆవిడ ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "పిచ్చుకా, కారులోంచి ఆ స్వెటర్ పట్రా," అంది. తెచ్చాక తొడుక్కుంది. పొడవు చేతులను ఈసారి రెండు మడతలు వేసింది, పనిలోకి దిగేముందు వేసినట్టు.

"రేపు పొద్దున్న ఐదింటికి లేవండి. ఏడో మజిలీకి నేను ఎక్కుతాను."

"అమ్మా, నీ మోకాళ్ళు..."

"వాటినీ తీసుకొస్తాను, ఇక్కడ వదిలి రాను. పదిచోట్ల కూర్చుంటాను. మధ్యాహ్నమైతే కానీ. నువ్వు అంచు దగ్గర నా చెయ్యి పట్టుకో. పిచ్చుకా, నువ్వు రంగుపెన్సిళ్ళు తెచ్చుకో." ఆవిడ పటాన్ని ఒళ్ళో పరిచి, ఆ ఖాళీని అరచేత్తో నిమిరింది. "ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన చెప్పారు, నేను విన్నాను. ఆ ఒక్క చోటు ఆయనకి ఎవరూ చెప్పలేదు. రేపు నేను చూసొచ్చి చెప్పాలి."