రాళ్ళగదిలో ఊపిరి

రాయదుర్గం గుండ్ల మధ్య నుంచి పుప్పాలగూడకు పోయే బండ్లబాట మీద, వాగుకు ఇవతల, ఒక రాళ్ళగది ఉండేది. బండలు కొట్టేవాళ్ళు కట్టుకుని, పని అయిపోయాక విడిచిపెట్టి పోయిన గది. కప్పు సగం కూలింది. తలుపు లేదు.

పొద్దుగూకితే ఆ పక్కకు ఎవరూ పోయేవాళ్ళు కాదు. ప్లేగు వచ్చిన ఏట నీలమ్మ అనే నిండు చూలాలిని ఊళ్ళోకి రానివ్వలేదట. ఆ గదిలోనే ఒంటరిగా కని, బిడ్డతో పాటు అక్కడే పోయిందట. ఇక పసిగుడ్డు వాసన తగిలిందా... వదలదట. బాలింతను బండిలో తీసుకుపోయేవాళ్ళు ఆ గది రాకముందే బిడ్డ మీద కొంగు కప్పి, నోరు మెదపకుండా దాటిపోయేవాళ్ళు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, వానాకాలం. మొగిలి భార్య భూలక్ష్మికి తొలికాన్పు. రాయదుర్గంలో అత్తింటి నుంచి పుప్పాలగూడలో తల్లిగారింటికి బయలుదేరారు. బండి తోలేది మొగిలి. వెంట అతని తల్లి చంద్రమ్మ, మంత్రసాని బుచ్చమ్మ.

బుచ్చమ్మ రెండు రాత్రులుగా కునుకు తీయలేదు. మొన్న కుమ్మరోళ్ళింట్లో ఒక కాన్పు, నిన్న గొల్లోళ్ళింట్లో కవలలు. నెత్తిన నీళ్ళు పోసుకుని అన్నం ముందు కూర్చుందో లేదో, చంద్రమ్మ వచ్చి రెక్క పట్టుకుంది.

"తోవల ఏమన్నయితే ఎట్ల? జర రా బుచ్చక్కా. బండ్ల పండుకుందువు."

బండి కుదుపులకు నిద్ర ఎక్కడిది? వాగు చేరేసరికి చీకటి పడింది. వాన. బుచ్చమ్మకు తన చేతివేళ్ళు తనవి కానట్టు ఉన్నాయి.

వాగు పొంగింది. సరిగ్గా అప్పుడే భూలక్ష్మికి నొప్పులు పట్టుకున్నాయి.

"ఎనకకు తిప్పుతనే," అన్నాడు మొగిలి.

"నువ్వు తిప్పేటాళ్ళకు నీ బిడ్డ ముంగట నడుసుకుంట పోతది! దించురా. గా గదిలకు తీసుకపోదం."

"గా గదిలకా... అమ్మా, నీలమ్మ..."

"నీలమ్మ ఉంటే నీకేందిరా? నువ్వేమన్న కంటున్నవా?"

బుచ్చమ్మకు నవ్వు రాలేదు. భయమూ రాలేదు. లాంతరు పట్టుకుని లోపలికి నడిచింది... అంతే.

బిడ్డ తొందరగానే వచ్చింది. ఆడపిల్ల. నీలంగా, మెత్తగా, తడిబట్టలా ఉంది. ఏడవలేదు.

నోరు తుడిచింది. వీపు రుద్దింది. అరికాళ్ళ మీద కొట్టింది. లేదు. వేలు ఆనిస్తే గుండె మాత్రం చిన్నగా తాకుతోంది. మాయ పడింది. బొడ్డు కోయలేదు. చంద్రమ్మ బండిలోంచి తెచ్చిన పుల్లలు అంటించి, పగిలిన కుండపెంకులో నిప్పులు పోసి, దాని మీద మాయను కాచసాగింది. ఆ వేడి పేగు వెంట పోయి పానం లేపుతుందని వాళ్ళ నమ్మకం.

బుచ్చమ్మ వంగి, బిడ్డ నోటి మీద నోరు పెట్టి ఊదింది. ఆగింది. మళ్ళీ ఊదింది.

వాళ్ళకొక కట్టడి ఉండేది. ఊదడం మొదలుపెట్టిన నోరే కడదాకా ఊదాలి. మధ్యలో నోరు మారితే పానం తోవ తప్పుతుంది. బుచ్చమ్మకు అత్త నేర్పిన మాట అది, ఆ అత్తకు ఆమె అత్త.

ఎంతసేపో... చంద్రమ్మ గొణిగింది.

"బుచ్చక్కా, రొమ్ము లేస్తలేదే."

"లేస్తున్నది."

"లేస్తలేదు... ముందల లేసింది, ఇప్పుడు లేస్తలేదు. నువ్వు జరుగు, నేనూదుత."

"నోరు మారొద్దు చంద్రమ్మా. ఎరుకలేదా నీకు?"

మొదటిసారి ఎట్లా ఊదిందో ఇప్పుడూ అట్లాగే ఊదుతున్నానని బుచ్చమ్మ లెక్క. అలసిన మనిషికి తన అలుపు కనపడదు. గాలి పెదవుల పక్క నుంచే జారిపోతోంది. బిడ్డ దాకా పోవడం లేదు.

నిప్పులు నల్లబడ్డాయి. మిగిలిన ఎండుపుల్లలు బండిలో ఉన్నాయి. ఉన్న ఒక్క లాంతరు తీసుకుని చంద్రమ్మ బయటికి పరుగెత్తింది.

చీకటి.

బుచ్చమ్మ ఊదుతోంది... ఊదుతున్నానని అనుకుంటోంది. వేలి కింద గుండె దూరదూరంగా తాకుతోంది. ఎల్లమ్మ తల్లిని తలుచుకుందామంటే పేరు నోటికి రాలేదు.

భుజం మీద ఒక చేయి పడింది.

"జరుగు..."

జరిగింది. కట్టడి గుర్తు రాలేదు. ఎవరని అడగలేదు. వెనక్కి పోయి గోడకు ఆనుకుంది. చీకట్లో ఒక ఊపిరి వినబడుతోంది. నిదానంగా, నిండుగా. ఆగి... మళ్ళీ. వింటూ వింటూనే కళ్ళు మూతపడ్డాయి.

తుమ్ములాంటి చిన్న చప్పుడు. వెంటనే... ఏడుపు.

లాంతరుతో చంద్రమ్మ, ఆమె వెనకే మొగిలి.

"ఏడ్సింది! నీ నోట్లె అమృతమున్నదే బుచ్చక్కా!"

"నేను గాదు. నువ్వే గద జరుగుమన్నది."

"నేనా? నేను బండి కాడుంటి!"

మొగిలి గడపలోనే నిలబడిపోయాడు. "సెప్తే ఇన్నరా... నీలమ్మనే..."

"నేనే," అని నేల మీద నుంచి సన్నని గొంతు. భూలక్ష్మి. "నేనే జరుగుమన్న అత్తమ్మా. పెద్దమ్మకు ఊపిరి ఆడ్తలేదు. నేనూదిన."

చంద్రమ్మ ఒక్కసారిగా కూలబడి, ఏడుస్తూ నవ్వింది. "పచ్చి బాలింతవు, లేసి కూసున్నవా? నోరు మారొద్దని ఎరుకలేదానె!"

"ఎరుకే. ఊకుంటే సస్తదనిపించింది."

మొగిలి గట్టిగా ఊపిరి వదిలి, "దయ్యం లేదు, గియ్యం లేదు," అంటూ ఎడ్ల దగ్గరికి పోయాడు. చంద్రమ్మ బట్టల మూట కోసం అతని వెంట పోయింది. లాంతరు ఈసారి లోపలే ఉంది.

బుచ్చమ్మ బొడ్డుకు దారం కడుతోంది. భూలక్ష్మి కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"నాకు గూడ శానసేపు శాతగాలే పెద్దమ్మా. నాలుగైదుసార్లు ఊదిన... కండ్లు తిరిగినయి. మల్ల నువ్వే వచ్చి నన్ను జరుగుమంటివి గద. నీ చెయ్యి ఎంత సల్లగున్నదో..."

దారం మీద బుచ్చమ్మ వేళ్ళు ఆగిపోయాయి. గోడ దగ్గరి నుంచి తాను లేవలేదు. చంద్రమ్మ అప్పుడు బయట ఉంది.

పచ్చి బాలింతను భయపెట్టకూడదు.

ముడి బిగించింది. తల ఎత్తి ఎటూ చూడలేదు.

"అవు బిడ్డా," అన్నది. "నేనే."