ఆ పది నిమిషాలు

"గుండె కొట్టుకుంటోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది... నా బిడ్డ పోయాడని ఎలా అంటావమ్మా?"

సరోజిని కోడలు శారోన్‌ని నిలదీసింది. తాటిపాకలో డ్యూటీ దిగి బండి మీద వస్తున్న శారోన్ భర్త బెన్నీని లారీ గుద్దేసింది. కాకినాడ ఆసుపత్రికి తెచ్చి నాలుగు రోజులైంది. మెదడు పూర్తిగా చనిపోయిందనీ, మిషను వల్లే ఊపిరి ఆడుతోందనీ డాక్టరుగారు చెప్పారు. కిడ్నీలు, లివరు, కళ్ళు మరొకరికి ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని కూడా అడిగారు. హైస్కూల్లో సైన్సు చెప్పే శారోన్‌కి అన్నీ అర్థమయ్యాయి. అర్థం కావడమే ఆమె పాలిట శాపమైంది.

"సమాధిలోంచి మనుషుల్ని లేపిన దేవుడాయన. నువ్వు చెప్పే పాఠాల కన్నా పెద్దవాడు," అంది సరోజిని. రాజోలు సంఘంలో స్త్రీల ప్రార్థనలు నడిపించే మనిషి ఆమె. నాలుగు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

"మీరు ఊ అనకుండా సంతకం పెట్టనండీ, అత్తయ్యగారూ. సాయంత్రం ఆఖరి పరీక్ష చేస్తారట. మిషను ఆపి, తనంతట తాను ఊపిరి పీలుస్తాడేమో చూస్తారు. మీరూ పక్కనే ఉండండి."

సాయంత్రం మిషను ఆపారు. సరోజిని కొడుకు ఛాతీ మీదే చూపు నిలిపింది. ప్రభువా, ఒక్క ఊపిరి... ఒక్కటి చాలు... ఇంకేమీ అడగను! తెర మీద గుండె గీత నడుస్తూనే ఉంది. ఛాతీ మాత్రం లేవలేదు. పక్కన ఎవరో సన్నగా వెక్కుతుంటే తల తిప్పింది. శారోన్... కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, అదే ప్రార్థన చేస్తోంది. జవాబు ముందే తెలిసిన పిల్ల, తనకన్నా ఆశగా అడుగుతోంది...

పది నిమిషాలు గడిచాయి. ఊపిరి లేదని రాసుకుని, డాక్టరుగారు మిషను మళ్ళీ పెట్టించారు.

సరోజిని కోడల్ని గుండెకి పొదువుకుంది. "ఊపిరి ఇచ్చినవాడే తీసేసుకున్నాడమ్మా. ఇన్నాళ్ళూ మిషనుని పట్టుకుని నేనే ఆయనతో పోట్లాడుతున్నాను. సంతకం పెట్టు... కళ్ళు కూడా ఇస్తావా?"

"ఆయ్... ఇస్తానండీ."

సమాధి చేసిన తర్వాతి ఆదివారం, గుడి మెట్ల దగ్గర సంఘంలోని కనకమ్మ జాలిగా అంది. "ఇంకొక్క రోజు ఉపవాసం ఉంటే లేచేవాడేమోనండీ, సరోజినిగారూ."

శారోన్ మొహం పాలిపోయింది.

"లేదు కనకమ్మా. నేనూ అడిగాను, నా కోడలూ అడిగింది. ఆయన కాదన్నాడు," అని సరోజిని కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

పాట మొదలైంది. ఎప్పుడూ ముందు ఎత్తుకునే సరోజిని గొంతు పెగల్లేదు. శారోనే ఇద్దరి వంతూ పాడింది.