నలభై ఒకటో కామెంటు

ఆమె నాతో అన్న మొదటి మాట, "మీ వెనకాల ఎవరో తలుపు బాదుతున్నారండీ."

అది మా ఆన్‌లైన్ ఎం.బి.ఏ. మొదటి క్లాసు. నేను లిఫ్టుల కంపెనీలో సర్వీస్ సూపర్‌వైజర్ని. ఏడంతస్తుల భవనం పైన మెషిన్ రూమ్‌లో ఫోను గోడకి ఆనించి, క్లాసుకి నా పరిచయం చెప్పుకుంటున్నాను. కింద ఐదో అంతస్తు దగ్గర ఒక పెద్దాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. మా మెకానిక్ ఆయన్ని తీసే పనిలోనే ఉన్నాడు గానీ, బాదుడు మాత్రం పైదాకా వినిపిస్తోంది.

"అది మామూలేనండీ," అన్నాను తెలివిగా.

"మీకు మామూలేమో. ముందు ఆయన్ని తియ్యండి. పరిచయాలు ఎక్కడికీ పోవు."

తెర మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. నవ్వనిది మేమిద్దరమే. ఆమె ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ అని తర్వాత తెలిసింది. పెద్దాయన క్షేమంగా బయటపడ్డాడు. మాస్టారు ప్రాజెక్టు కోసం క్లాసుని జంటలుగా విడగొట్టేసరికి నేను ఇరుక్కున్నాను. నాకు జతగా పడింది ఆమే.

రక్తపరీక్షల కోసం జనం అంతంతసేపు ఎందుకు కాచుకోవాల్సి వస్తోంది, దాన్ని తగ్గించడమెలా అన్నది మా ప్రాజెక్టు. రిపోర్టు ఇద్దరం ఒకే ఆన్‌లైన్ ఫైల్లో రాయాలి. ఒకరు రాసినదాని పక్కన ఇంకొకరు కామెంట్లు పెట్టాలి. కామెంట్లు చెరిపెయ్యొద్దనీ, అవి కూడా చదివి, కలిసి పనిచేసిన తీరుకి పది మార్కులు వేస్తాననీ మాస్టారు ముందే చెప్పారు.

నేను రాసేవాణ్ని, ఆమె దిద్దేది. ఏదైనా రెండుసార్లు పరీక్షించందే ఆమెకి నమ్మకం కుదరదు. "జనం చాలాసేపు కాచుకుంటున్నారు" అని రాశానో లేదో, "చాలాసేపు అంటే ఎన్ని నిమిషాలు? ఎవరు కొలిచారు?" అని పక్కన ప్రత్యక్షం. మొదటి ఐదారు కామెంట్లు బుద్ధిగా చదివాను. ఆ తర్వాత ఆఫీసు అలవాటు నెత్తికెక్కింది.

మా కంపెనీలో సాయంత్రం ఆరు దాటాక ఏ కంప్లైంటూ తెరిచి ఉండకూడదు. ఉంటే మేనేజరు గదిలో బోర్డు మీద మన పేరు ఎర్రగా వెలుగుతుంది. అందుకని లిఫ్టు కదిలినా కదలకపోయినా, కంప్లైంటు మాత్రం ఆరింటికల్లా క్లోజ్ అయిపోతుంది. మర్నాడు కొత్త నంబరుతో మళ్లీ పుడుతుంది. ఎనిమిదేళ్లుగా ఇదే ఉద్యోగం. ఆమె కామెంటు పక్కన చిన్న టిక్కు గుర్తు కనబడేసరికి నా వేలు ఊరుకోలేదు. టిక్కు నొక్కితే కామెంటు మాయం. రోజూ ఆరింటికి అన్నీ నొక్కేసి, పేజీ శుభ్రపడ్డాక తృప్తిగా టీ తాగేవాణ్ని.

బుధవారాలు మధ్యాహ్నం ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. మాట రిపోర్టు దగ్గర మొదలై, ఎక్కడెక్కడో తిరిగొచ్చేది. ఇరుక్కున్నవాళ్ల కథలు చెబితే ఆమె పగలబడి నవ్వేది. ఆ నవ్వు వినడం కోసం లేని సందేహాలు కూడా అడిగేవాణ్ని.

ఉన్నట్టుండి ఒక బుధవారం ఆ నవ్వు ఆగిపోయింది. "రిపోర్టు సంగతి ఉంటే చెప్పండి," అంది పొడిగా. మర్నాడు మాస్టారు ఫోన్ చేశారు. ఆ అమ్మాయి వేరే జత కావాలంటోందనీ, కారణం చెప్పలేదనీ, సోమవారం దాకా చూస్తాననీ అన్నారు. అప్పటికీ ఆమె ఒప్పుకోకపోతే ప్రాజెక్టు పోయినట్టే, మళ్లీ ఏడాది చదవాల్సిందే. ఏడాది పోతే పోనీ, బుధవారాలు పోతాయన్న మాటకే నాకు అన్నం సహించలేదు.

మా అక్క టైలరు. మిషను తొక్కుతూనే నా ఏడుపంతా వింది.

"ఆ అమ్మాయి రాసినవన్నీ చదివావా?"

"అన్నీ క్లోజ్ చేశానక్కా."

మిషను ఆగింది. "నేనడిగింది అది కాదురా."

క్లోజ్ చేసిన కామెంట్లు పోవనీ, ఒక మూల భద్రంగా పడి ఉంటాయనీ అప్పుడే తెలిసింది. లెక్కపెడితే నలభై ఒకటి. పన్నెండోది, "ఈ పేరా బాగుంది, మీరు మాట్లాడినట్టే ఉంది." ఇరవై ఆరోది, "ఈ లెక్కలో తప్పు నాదే, మీదే రైటు." తిట్లతో పాటు మెచ్చుకోళ్లని కూడా క్లోజ్ చేసి పారేశాను.

నలభై ఒకటోది చదివేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇది ఫోన్లో తేలేలా లేదు. ఈ ఆదివారం నాలుగింటికి లైబ్రరీ కింద టీ కొట్టులో కూర్చుని రాద్దామా? రిపోర్టు గురించే కాదు, ఊరికే కూడా. సరేనంటే టిక్కు పెట్టండి."

పెట్టాను. శనివారం, సాయంత్రం ఆరింటికి.

దాని కిందే ఆదివారం ఐదున్నరకి ఆమె ఇంకో ముక్క రాసింది. "గంటన్నర చూశాను. వెళ్తున్నాను." దానికీ టిక్కు పెట్టాను. అదే రోజు, ఆరింటికి.

"నువ్వు లిఫ్టులు బాగుచేస్తావంటే ఎలా నమ్ముతున్నార్రా జనం," అంది అక్క.

ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. నలభై ఒక్క కామెంట్లూ మళ్లీ తెరిచాను. ఆమెకి సెలవున్న రోజు చూసుకుని ఆ సెంటర్లో కూర్చుని, ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు కాచుకుంటున్నారో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచాను. అడిగిందల్లా చేశాక నలభై ఒకటోదాని కింద ఇలా రాశాను: "చదవకుండా టిక్కు పెట్టాను. తప్పు నాదే. ఈ ఆదివారం నాలుగింటికి నేనక్కడ ఉంటాను. రిపోర్టు కోసం కాదు, మీరంటే నాకిష్టం. దీనికి మాత్రం నేను టిక్కు పెట్టను."

జవాబు రాలేదు. ఆదివారం వాన మాత్రం వచ్చింది.

టీ కొట్టులో నాలుగింటి నుంచీ కూర్చున్నాను. ఐదయ్యేసరికి నాలుగు టీలయ్యాయి. ఐదో టీ కొట్టతను అడక్కుండానే తెచ్చి పెట్టి, నా వంక జాలిగా చూశాడు. సరిగ్గా ఐదున్నరకి లైబ్రరీ మెట్లు దిగుతూ ఆమె వచ్చింది. ఒంటి మీద చినుకు తడి లేదు.

"ఎప్పుడొచ్చారు?" అన్నాను అయోమయంగా.

"మూడున్నరకి. పైన కిటికీ దగ్గర కూర్చున్నాను. నేను గంటన్నర కాచుకున్నాను కదా, మీరు ఎంతసేపుంటారో కొలుద్దామని."

"రెండుసార్లు కొలవరా?"

"ఐదింటికోసారి చూశాను. అప్పటికీ ఉన్నారు." ఎదురుగా కూర్చుని, నా ఐదో టీ తనవైపు లాక్కుంది. "మీరు రాసింది నిజమేనా?"

"నిజమే."

"నోటితో చెప్పండి."

చెప్పాను.

"మళ్లీ చెప్పండి. ఒక్కసారి చెబితే నేను నమ్మను."

మళ్లీ చెప్పాను. అప్పుడు నవ్వింది. బుధవారం నుంచీ ఆ నవ్వు కోసం నేను పడ్డ పాట్లన్నీ మరిచిపోయాను.

సోమవారం రిపోర్టు పంపేశాం. ఆ సంబరంలో, మాస్టారు కామెంట్లు కూడా చదువుతారన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. వారం తిరక్కుండానే నలభై ఒకటోదాని కింద ఆయన రాత కనబడింది.

"కలిసి పనిచెయ్యడానికి పదికి తొమ్మిది. మొదటి ఆదివారానికి ఒకటి తగ్గించాను. రెండో ఆదివారం ఏమైందో ఎక్కడా రాయలేదు. తెలియజేయగలరు."

నేను సిగ్గుతో ఫోను బోర్లించి, ఆరైనా దాన్ని ముట్టుకోలేదు. జవాబు ఆమే రాసింది.

"ఇద్దరం కాచుకున్నాం మాస్టారూ. ఫలితం రెండుసార్లు సరిచూశాను."