ముడి విప్పని బూట్లు

నల్లబూట్లు రెండూ కాలువ గట్టు మీద ఉన్నాయి. పిల్ల లేదు.

2002 ఆగస్టు, సోమవారం. సాయంత్రం అయిదు నలభై. నిజాంసాగర్ కాలువ నిండుగా, చప్పుడు లేకుండా పారుతోంది. బాన్సువాడలో సగం ఊరు గట్టు మీదే ఉంది. మిగతా సగం ఆటోల్లో వస్తోంది.

ఎస్.ఐ. ప్రసన్న జీపు దిగింది.

"బూట్లు ముందుగాల ఎవరు చూసిన్రు?"

"నేనే మనుషుల్ని పంపిన మేడం," అన్నాడు రాజారాం. గట్టు పక్కనే ఉన్న ఇంగ్లిష్ మీడియం స్కూలుకు ఆయన కరస్పాండెంట్. తెల్లచొక్కా, తోలుచెప్పులు, నుదుటి మీద ఊరి బరువంతా. "పిల్ల ఆటో ఎక్కలేదని తెల్వంగనే నాకు కాల్వ యాదికొచ్చింది. ఈతగాళ్లను గూడ పిలిపిచ్చిన."

పిల్ల పేరు సహజ. అయిదో తరగతి. నాలుగుంబావుకు స్కూలు వదిలారు. కోటగిరి వైపు వెళ్లే ఆటోలో పిల్లలందరూ ఎక్కారు, సహజ తప్ప. ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి, చివరికి సహజ నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

ఆ నాయనమ్మ భూమవ్వ గట్టు మీద కూర్చుని ఉంది. బీడీలు చుడుతూ చుడుతూ లేచి వచ్చింది. వేళ్లకు తంబాకు అంటుకునే ఉంది.

ప్రసన్న బూట్లు చేతిలోకి తీసుకుంది. ఒకదాని లేసు, రెండోదాని లేసు కలిపి గట్టిగా ముడి వేసి ఉన్నాయి.

"అవ్వా, ఇంట్ల గిట్లనే ముడేసి పెడ్తదా?"

"ఇంట్లనా? ఒకటి అటు ఇసురుతది, ఒకటి ఇటు ఇసురుతది. పొద్దుగాల గదేది, గిదేది అని నా పానం తింటది." ముసలమ్మ అలవాటుగా విసుక్కుంది. తర్వాత ఎందుకొచ్చిందో గుర్తొచ్చింది. "దొరుకుతదా బిడ్డా?"

ప్రసన్న ముడి వైపే చూసింది. నీళ్లలోకి దిగేవాళ్లు బూట్లు విప్పుతారు. విప్పిన బూట్లకు ముడి ఎవరు వేస్తారు?

"స్కూలు చూద్దాం," అంది.

"స్కూల్ల ఏముంది మేడం? ఉన్నదంత కాల్వలనే," అన్నాడు రాజారాం.

"అట్లయితే స్కూల్ల చాయ్ అన్న తాపియ్యండి సార్."

ఆయన ముఖం కొంచెం తేలికపడింది. చాయ్ అడిగే పోలీసంటే ఎవరికైనా భయం తగ్గుతుంది.

స్కూలు వరండాలో చీకటి మూలల నుంచి అల్లుకొస్తోంది. క్లాస్ టీచర్ వైశాలి స్తంభానికి ఆనుకుని ఏడుస్తోంది. ఆయా హీరాబాయి ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది. వరండా చివర ఒక తలుపు. తలుపుకు తాళం. పైన బోర్డు: పాదరక్షలు బయటనే విడువవలెను.

అది కంప్యూటర్ రూము. లోపల నాలుగు కంప్యూటర్లు. వాటికి ఏసీ, పరదాలు, దుమ్ము పడకుండా బట్ట తొడుగులు. దుమ్ము పడితే వైరస్ వస్తుందని ఊళ్లో గట్టి నమ్మకం. పక్క క్లాసుల్లో పిల్లలకు ఫ్యాను కూడా ఏడో తరగతి నుంచే.

"దీని తాళంచెవి?"

"కంప్యూటర్ సార్ చందర్ దగ్గర ఉంది. బ్యాటరీ రిపేరుకు పగటాల్లనే నిజామాబాద్ పోయిండు." రాజారాం గొంతు తగ్గించాడు. "వయసు పిలగాడు మేడం. నేను ఎవరి మీద చెప్ప. కని..."

"చెప్పకుంటనే చెప్పిన్రు. తాళం పగలగొడదాం."

"అంత దుమ్ము పోతది లోపటికి."

ప్రసన్న ఆయన వైపు చూసింది. పిల్ల కాలువలో ఉందంటున్నాడు. దుమ్ము గురించి ఆలోచిస్తున్నాడు.

ఆరున్నరకు గేటు దగ్గర కేకలు వినిపించాయి. నిజామాబాద్ బస్సు దిగి, భుజాన బ్యాటరీతో చందర్ వస్తున్నాడు. ఊరివాళ్లు ముందే తీర్పు చెప్పేసుకున్నట్టున్నారు. ఎవడో చెంప మీద ఒకటి వేశాడు. కానిస్టేబుళ్లు చందర్‌ని జనంలోంచి లాక్కుని వరండాలోకి తెచ్చారు.

చందర్ చెంప రుద్దుకుంటూ ప్రసన్న చేతిలోని బూట్లు చూశాడు.

"గవి మా రూము కాడి బూట్లు గదా మేడం?"

"నీకెట్ల తెలుసు?"

"గా ముడి మా పిల్లలదే. ఒక్కసారి నలభై మంది ఇడుస్తరు. అన్ని నల్లయే, ఒక్క తీరుగనే ఉంటయ్. మారిపోయి రోజు పంచాయితే. అందుకే వైశాలి టీచర్ నేర్పింది, ఇడ్వంగనే రెండు లేసులు కలిపి ముడెయ్యుండ్రి అని. వేరే ఎక్కడ ఇడ్సినా ఎయ్యరు. మా తలుపు కాడనే."

వరండాలో చీపురు చప్పుడు ఆగిపోయింది.

"తాళంచెవి తియ్యి," అంది ప్రసన్న.

"నా దగ్గరెక్కడిది? ఆఫీసుల మేకుకు తగిలిచ్చి పోయిన. ఎప్పుడట్లనే పెడ్త."

ప్రసన్న రాజారాం వైపు తిరగలేదు. టీచర్ వైపు తిరిగింది.

"సహజ మీకు ఎప్పుడన్న ఏమన్న చెప్పిందా?"

వైశాలి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోయిన నెల... కంప్యూటర్ రూముకు ఒక్కదాన్నే పోను టీచర్ అన్నది. బెల్లు కొట్టినంక ఆపుతుండు, నాకు మంచిగ అనిపిస్తలేదు అన్నది."

"ఎవరు ఆపుతుండు?"

"నేను అడగలే మేడం."

"ఎవరికి చెప్పిన్రు?"

"కరస్పాండెంట్ సార్‌కు. ఇంకెవరికి చెప్తం? నేను చూస్కుంట, బయట అనకు, స్కూలు పేరు పోతది అన్నడు."

"పేరు పోలే," అంది ప్రసన్న. "పిల్ల పోయింది."

తర్వాత హీరాబాయి. "అక్కా, నువ్వు రోజు ఈడ ఊడుస్తవ్. బెల్లు కొట్టినంక ఈ తలుపు కాడ ఏం చూసినవ్?"

"ఒక్కొక్క దినం చిన్న బూట్లు ఒక జత ఉంటుండె. పక్కన పెద్ద చెప్పులు."

"మరి నువ్వేం చేసినవ్?"

"చుట్టూత ఊడ్సిన."

"ఇయ్యాల?"

"ఇయ్యాల గూడ రెండు జతలు ఉండె. నేను బకెట్ తెచ్చేసరికి రెండూ లెవ్వు."

"పెద్ద చెప్పులు ఎవరివి?"

హీరాబాయి చూపు నేల మీదుగా మెల్లగా జరిగి, రాజారాం తోలుచెప్పుల దగ్గర ఆగింది.

"మేడం, ఆయా మాటకు..." రాజారాం మొదలుపెట్టాడు.

"ఆయా మాట వద్దు సార్. ముడి చూడండి," ప్రసన్న బూట్లు ఎత్తి పట్టుకుంది. "బూట్లు ఈ తలుపు కాడ ఇడ్సినయ్. ఎవరో గట్టు మీదికి మోసిన్రు, పిల్ల మునిగిందని నమ్మియ్యడానికి. ముడి విప్పి పెడితే నేను గూడ నమ్ముతుంటి. ఎందుకు విప్పలే? చందర్‌కు ఆ ముడి సంగతి తెలుసు. టీచర్‌కు తెలుసు. హీరాబాయికి తెలుసు. ఈళ్లల్ల ఎవరు మోసినా విప్పుతుండె. తెల్వనిది ఒక్కరికే. పిల్లలందరు వరుసల నిలబడ్డప్పుడు ఎన్నడు ఈ తలుపు కాడికి రానోనికి. ఒక్క పిల్ల ఉన్నప్పుడే వచ్చెటోనికి."

బయట గట్టు మీద ఈతగాళ్లు ఒకరినొకరు పిలుచుకోవడం వినిపిస్తోంది.

"అందరికంటె ముందు మీకే కాల్వ యాదికొచ్చింది సార్. పిల్ల కనబడకుంటే ఎవరన్న బాత్రూములు చూస్తరు, క్లాసులు చూస్తరు. మీరు స్కూల్ల ఒక్క తలుపు తియ్యలే. బూట్లు ముందు పంపిన్రు. జనం అంత పోయినంక పిల్లను పంపుదామనుకున్నరు. జేబులకెల్లి చెయ్యి తియ్యండి."

కానిస్టేబుల్ ఆ చెయ్యి పట్టి బయటికి లాగాడు. తాళంచెవి చప్పుడు చేస్తూ గచ్చు మీద పడింది.

ప్రసన్న బూటుకాళ్లతోనే లోపలికి నడిచింది. పరదాలు. ఏసీ చల్లదనం. మూడు కంప్యూటర్లకు తొడుగులు ఉన్నాయి. నాలుగోదానికి లేదు. వెనక బ్యాటరీలు పెట్టే చిన్న అర. బయటి నుంచి గొళ్లెం.

గొళ్లెం తీసింది.

మూలకు ముడుచుకుని ఉంది సహజ. ఆ నాలుగో తొడుగుతో నోరు కట్టి ఉంది. కాళ్లకు తెల్లమేజోళ్లు. కళ్లు తెరిచే ఉన్నాయి. అవి ప్రసన్న ముఖాన్ని చూడలేదు. ముందు ఆమె కాళ్ల వైపు చూశాయి, ఎవరివో తెలుసుకోవడానికి.

*

మర్నాడు పొద్దున స్టేషన్ వరండాలో బెంచీ మీద వైశాలి, హీరాబాయి, చందర్ కూర్చున్నారు. చందర్ చెంప వాచింది. కొట్టినవాడు ఇంకా కనబడలేదు. రాజారాం లోపల సెల్లులో ఉన్నాడు.

వైశాలి లేచి నిలబడింది. "నేను చెప్పిన గద మేడం. చెప్పాల్సినోళ్లకే చెప్పిన."

"చెప్పిన్రు. మళ్ల అడిగిన్రా?"

వైశాలి పక్కనున్న హీరాబాయి వైపు చూసింది.

"ఆమె ఊడ్సింది, మీరు ఊకున్నరు. బూట్లు పోకుండ మాత్రం మంచి ఉపాయం నేర్పిన్రు టీచర్."

వైశాలి కూర్చుంది. వాంగ్మూలం రాసుకోవడానికి కానిస్టేబుల్ పిలిచేదాకా తల ఎత్తలేదు.

పదిన్నరకు భూమవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. బూట్లు ప్రసన్న టేబుల్ మీద, ముడితో సహా, సీలు వేసి ఉన్నాయి. అందుకని సహజ అవ్వ చెప్పులు వేసుకుంది. రెండు పాదాలు పట్టేంత పెద్దవి. అవ్వ ఉత్తకాళ్లతో ఉంది.

"నిన్న గా సార్‌తోని, మా అవ్వకు చెప్తా అన్నదంట మేడం," అంది భూమవ్వ. "గందుకే లోపట పెట్టిండట. నాకు చెప్తా అన్నందుకు."

"మంచి పని చేసింది," అంది ప్రసన్న. "ఇప్పుడు నాకు చెప్తది. నువ్వు పక్కనే కూసో అవ్వా. రా బిడ్డా."

సహజ గడప దగ్గర ఆగింది. వంగింది. ఒక చెప్పు విడిచి పక్కన పెట్టింది. రెండోది విడవబోయింది.

"ఏసుకొనే రా," అంది ప్రసన్న.

"దుమ్ము పడ్తది మేడం."

"పడనీ."